గృహ అక్వేరియం: తొలి ఏర్పాటు, చేపల ఎంపిక

ఇంట్లో గాజు తొట్టిలో నీళ్లు నింపి చేపలనూ నీటి మొక్కలనూ పెంచే ఏర్పాటును గృహ అక్వేరియం అంటారు. చూసేవారికి అలంకరణలా కనిపించే ఈ తొట్టి ఒక చిన్న చెరువు. చెరువులో చేపలు వదిలే మలినాన్ని అడుగునున్న బురదలోని సూక్ష్మజీవులు, మొక్కలు, కొత్తగా వచ్చి చేరే నీరు కలిసి శుభ్రం చేస్తాయి. తొట్టిలో ఆ భారమంతా పెంచేవారి మీదా, వారు పోషించే కంటికి కనిపించని బాక్టీరియా మీదా పడుతుంది. ఆ బాక్టీరియా స్థిరపడకముందే చేపలను వదలడం వల్లే కొత్త ట్యాంకుల్లో చాలా చేపలు మొదటి నెల దాటకుండా చనిపోతాయి.

చేపలను ముచ్చట కోసం పెంచడం పాత అలవాటే. చైనాలో సోంగ్ వంశపు కాలానికే (960–1279) తోట కొలనుల్లో బంగారు చేపలు ఉండేవి. తర్వాత మింగ్ కాలంలో అవి పింగాణీ తొట్లలోకి చేరాయి. అప్పట్లో చేపను పైనుంచే చూసేవారు. గాజు గోడ వెనుక పక్కనుంచి చూడటం, నీళ్లు రోజూ మార్చకుండా నెలల తరబడి చేపను బతికించడం పందొమ్మిదో శతాబ్దంలో సాధ్యమయ్యాయి. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ రెండు చిన్న బంగారు చేపలను వాలిస్నేరియా మొక్కతో కలిపి గాజు పాత్రలో ఉంచాడు. ఆకులు కుళ్లి నీరు పాడవుతుంటే వాటిని తినడానికి నత్తలను చేర్చాడు. పాత్ర కుదుటపడింది. ఈ ప్రయోగాన్ని 1850లో కెమికల్ సొసైటీకి నివేదించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ పుస్తకంతో ఆ పేరు జనంలో నిలిచిపోయింది. భారతదేశంలో ముంబయిలోని తారాపొరేవాలా అక్వేరియం 1951లో మొదలైంది. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లోని మత్స్యదర్శిని తెలుగువారికి పరిచయమైన ప్రదర్శనశాల.

ట్యాంకు, చోటు

కొత్తవారు ముందు చిన్న గిన్నెతో మొదలుపెట్టి, అనుభవం వచ్చాక పెద్ద ట్యాంకు కొందామనుకుంటారు. ఈ క్రమం తిరగబడాలి. నీరు ఎంత తక్కువ ఉంటే అది అంత త్వరగా పాడవుతుంది. గుప్పెడు మేత ఎక్కువ పడినా, ఒక చేప చనిపోయినా ఐదు లీటర్ల గుండ్రటి గాజు బుడ్డిలో పూటలోనే విషం పేరుకుంటుంది. అదే పొరపాటును పెద్ద ట్యాంకు కొంతవరకు తట్టుకుంటుంది. బుడ్డి మూతి సన్నగా ఉంటే గాలి తగిలే నీటి ఉపరితలం తగ్గిపోతుంది, ఫిల్టర్ పెట్టడానికి చోటుండదు.

దుకాణాల్లో సులువుగా దొరికే రెండడుగుల ట్యాంకు మొదటిసారికి సరిపోతుంది. పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు ఉండే ఈ ట్యాంకులో అంచుల దాకా నింపితే 54 లీటర్లు పడతాయి. అడుగున రాళ్లు పరిచి, పైన కాస్త ఖాళీ వదిలితే మిగిలేది 45 లీటర్లే. ఎత్తుగా, సన్నగా ఉండే ట్యాంకు కన్నా పొడవుగా ఉండేది మేలు. చేపకు ఈదడానికి దారి, నీటికి గాలి తగిలే వైశాల్యం రెండూ అందులోనే ఎక్కువ.

లీటరు నీరు కిలో బరువు. గాజు, రాళ్లు, స్టాండు కూడా కలిస్తే ఈ చిన్న ట్యాంకే మనిషంత బరువు తూగుతుంది. పుస్తకాల అల్మరా, తేలికపాటి చెక్క బల్ల దానికి సరిపోవు. స్టాండు మీద రసమట్టం పెట్టి సమతలంగా ఉందో లేదో చూడాలి. ఒక మూల పల్లంగా ఉంటే గాజు అతుకుల మీద ఒత్తిడి పెరిగి కొన్నాళ్లకు కారడం మొదలవుతుంది. ట్యాంకు కింద థర్మోకోల్ షీటు పరిస్తే చిన్న ఎగుడుదిగుడులను అది సర్దుకుంటుంది. నీళ్లు నింపాక ట్యాంకును జరపకూడదు. కొత్త ట్యాంకును ఒకటి రెండు రోజులు నీళ్లతో ఉంచి లీకేజీ చూసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టాలి.

నేరుగా ఎండ పడే కిటికీ పక్క పనికిరాదు. ఎండకు నీరు వేడెక్కుతుంది, గాజు నిండా పచ్చటి నాచు పడుతుంది. దోమల మందు విషయం చాలామందికి తట్టదు. దోమల కోసం, బొద్దింకల కోసం కొట్టే స్ప్రేల్లో ఉండే పైరిత్రాయిడ్ మందులు చేపలకు అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. ఎయిర్ పంప్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది కాబట్టి స్ప్రే కొట్టిన గదిలో ట్యాంకుకు ముప్పు. పిల్లలు పడుకునే గదిలోకన్నా హాల్లో ట్యాంకు పెట్టడానికి ఇదొక కారణం.

ఫిల్టర్, అడుగు, మొక్కలు

మొదటిసారి పెట్టేవారికి ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజి ఫిల్టర్ చవక, నమ్మకం కూడా. పంపు గాలి బుడగలు పైకి లేచేటప్పుడు నీటిని స్పాంజి గుండా లాగుతాయి. స్పాంజి రంధ్రాల్లో బాక్టీరియా నివాసం ఏర్పరచుకుంటుంది. బుడగలు నీటి పైభాగాన్ని కదిలిస్తాయి కాబట్టి ఆక్సిజన్ కూడా అందుతుంది. మోటారుతో నడిచే ఫిల్టర్ కొంటే అది గంటలో ట్యాంకు నీటిని నాలుగైదుసార్లు తిప్పగలిగేలా ఉండాలి. ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కిందే పెట్టాల్సి వస్తే గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వు అమర్చాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం ద్వారా పంపులోకి దిగి కిందికి కారతాయి. ప్లగ్గుకు వెళ్లే వైరు ఒకచోట కిందికి వంకీలా వేలాడాలి. అప్పుడు వైరు వెంట జారే నీటి చుక్క వంకీ దగ్గరే రాలిపోతుంది, సాకెట్‌లోకి చేరదు.

ఫిల్టర్ ఇరవై నాలుగు గంటలూ నడవాలి. రాత్రి చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఆపేసే ఇళ్లు కోకొల్లలు. కొన్ని గంటలు నీరు కదలకపోతే స్పాంజిలో ఆక్సిజన్ తగ్గి బాక్టీరియా చనిపోవడం మొదలవుతుంది. కరెంటు కోతలున్న ఊళ్లో బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ దగ్గర ఉంచుకోవడం మంచిది.

అడుగున రెండు అంగుళాల మందం గ్రావెల్ లేదా ముతక ఇసుక చాలు. దాన్ని బకెట్‌లో వేసి, చేత్తో కలుపుతూ, నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. పది పన్నెండుసార్లు వంపాల్సి రావచ్చు. సబ్బు తగలకూడదు. రాయి మీద నిమ్మరసం పిండితే నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అలాంటి రాయి, సముద్రపు గవ్వలు, పగడపు ముక్కలు నీటి గట్టిదనాన్ని మెల్లగా పెంచుతాయి.

ప్లాస్టిక్ మొక్కల కన్నా బతికున్న మొక్క ఎంతో మేలు. చేపలు విడిచే అమ్మోనియాను అది నేరుగా ఆహారంగా తీసుకుంటుంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా, జావా ఫెర్న్, అనూబియాస్ మామూలు ఎల్ఈడీ వెలుతురులోనూ పెరుగుతాయి. జావా ఫెర్న్, అనూబియాస్‌ల దుంపకాండాన్ని ఇసుకలో పాతితే కుళ్లిపోతుంది. వాటిని చెక్కకో రాతికో దారంతో కట్టాలి. అంతరతామరను పైన తేలనిస్తే వేళ్ల చాటున చేపపిల్లలు దాక్కుంటాయి. వెలుతురు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు.

ఏ నీళ్లు

మున్సిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది మనుషుల కోసం సూక్ష్మజీవులను చంపుతుంది, చేప మొప్పలను కూడా కాలుస్తుంది, ట్యాంకు బాక్టీరియానూ వదలదు. క్లోరిన్ మాత్రమే ఉన్న నీటిని వెడల్పాటి బకెట్లలో ఒక రోజు ఆరుబయట ఉంచితే అది ఎగిరిపోతుంది. క్లోరమిన్ వాడిన నీటికి ఈ ఉపాయం పనిచేయదు. దుకాణాల్లో ‘యాంటీ క్లోరిన్’ అని అమ్మే ద్రవంలో సాధారణంగా సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది. ఫొటో స్టూడియోల్లో ఒకప్పుడు ‘హైపో’ అన్నది దీన్నే. సీసా మీద రాసిన మోతాదు ప్రకారం వేస్తే నిమిషాల్లో క్లోరిన్ విరిగిపోతుంది.

బోరు నీటిలో క్లోరిన్ బాధ లేదు కానీ తెలుగు ప్రాంతాల్లో చాలాచోట్ల అది గట్టి నీరు. బకెట్ల మీద తెల్లటి చారలు పడే ఇంట్లో ఆ సంగతి వేరే పరీక్ష లేకుండానే తెలుస్తుంది. లోతు నుంచి వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండవచ్చు. ఒక రోజు ఎయిర్ పంప్ పెట్టి నిలవ ఉంచి వాడాలి. నీటిని చేపకు తగ్గట్టు మార్చడం కన్నా, ఇంటి నీటికి తగ్గ చేపను ఎంచుకోవడం తేలిక. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు గట్టి నీటిలోనే ఆరోగ్యంగా ఉంటాయి. తాగడానికి పెట్టుకున్న ఆర్ఓ యంత్రపు నీరు ఒక్కటే పోయడం తప్పు. అందులో చేపకు కావలసిన ఖనిజాలు దాదాపు ఉండవు. మరీ చవుడు నీళ్లయితే వాటిలో కొంత ఆర్ఓ నీరు కలపవచ్చు.

నీరు పండటానికి పట్టే కాలం

చేప మొప్పల ద్వారా అమ్మోనియా విడుస్తుంది. మిగిలిపోయిన మేత, మలం కుళ్లినా అదే వస్తుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. అది చేప రక్తాన్ని గోధుమ రంగుకు తిప్పి, ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. రెండో రకం బాక్టీరియా నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు హాని చాలా తక్కువ. మొక్కలు కొంత వాడుకుంటాయి, మిగిలినది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండో పని నైట్రోబాక్టర్ చేస్తుందని పుస్తకాలు చాలాకాలం రాశాయి. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేది ముఖ్యంగా నైట్రోస్పైరా జాతి అని 1990ల చివర్లో తేలింది.

ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. కొత్త ట్యాంకులో రెండు రకాలూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ లోపు చేపలు లేకుండానే బాక్టీరియాకు తిండి పెట్టాలి. రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్లనివ్వడం ఒక పద్ధతి. సువాసనలు, సబ్బు కలవని అమ్మోనియా ద్రావణాన్ని లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండేలా వేయడం మరొకటి. రెండోది శుభ్రమైనది, లెక్కకు అందుతుంది.

ఏం జరుగుతోందో చూడటానికి ద్రవ పరీక్ష కిట్ కావాలి. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీరు తీసుకుని చుక్కలు వేస్తే రంగు మారుతుంది. చాలా కిట్లలో అమ్మోనియా లేకపోతే నీరు పసుపుగానే ఉంటుంది, ఉంటే పచ్చబడుతుంది. మొదటి వారమంతా గొట్టం పచ్చగానే ఉండి, ట్యాంకులో ఏమీ జరగడం లేదేమో అనిపిస్తుంది. రెండో వారం దగ్గర ఒకనాటి ఉదయం ఆ పచ్చదనం పలచబడుతుంది. అదే రోజుల్లో నైట్రైటు గొట్టం లేత నీలం నుంచి ఊదారంగుకు తిరుగుతుంది. తర్వాతి దశ ఇంకా నిదానం. ఊదారంగు రెండు మూడు వారాలు కదలకపోవచ్చు. అది తగ్గుతున్న కొద్దీ నైట్రేటు గొట్టం నారింజకు, ఎరుపుకు మారుతుంది. 2 మిల్లీగ్రాముల మోతాదు అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధం. అప్పుడు నీటిలో సగానికి పైగా మార్చి, పేరుకున్న నైట్రేటును తీసేసి చేపలను తేవచ్చు.

మొదటి రోజుల్లో నీరు పాలలా తెల్లబడటం చూసి కంగారుపడి మొత్తం నీళ్లు పారబోసేవారు ఎక్కువ. ఆ తెలుపు నీటిలో ఒక్కసారిగా పెరిగిన వేరే బాక్టీరియా. కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. గడువును నిజంగా తగ్గించే మార్గం ఒకటుంది. ఏళ్లుగా చేపలు ఆరోగ్యంగా ఉన్న స్నేహితుల ట్యాంకు నుంచి వాడిన స్పాంజి ముక్కను తడి ఆరకుండా తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే సగం వ్యవధి మిగులుతుంది. పాత ట్యాంకు నీళ్లు తెచ్చి పోస్తే పెద్దగా లాభం లేదు. బాక్టీరియా నీటిలో తక్కువ, గరుకు ఉపరితలాల మీదే ఎక్కువ.

నీటి పీహెచ్ కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది సుమారు అర శాతమే. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. బోరు నీళ్ల పీహెచ్ తరచుగా 8 దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆ నీళ్లు వాడే ఇళ్లలో తొందరపాటుకు శిక్ష ఎక్కువ.

చేపల ఎంపిక

దుకాణంలో చేప అంగుళంన్నర ఉంటుంది. కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న అది ఎంత పెరుగుతుందని. ‘షార్క్’ అని అమ్మే వెండిరంగు చేపపిల్ల సొరచేప కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో తిండి కోసం పెంచే పంగాసియస్సే. పెద్దదైతే మీటరు దాటగలదు. ఆస్కార్ 30 సెంటీమీటర్లు పెరిగి, తన నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. బంగారు చేపలు 20 సెంటీమీటర్ల వరకు పెరుగుతాయి, బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతాయి, చాలా మలినం వదులుతాయి, చల్లటి నీటిని ఇష్టపడతాయి. రెండడుగుల ట్యాంకు వాటిది కాదు.

ఆ ట్యాంకుకు సరిపోయే చేపల్లో ముందు చెప్పవలసింది జీబ్రా డానియో. గంగా పరీవాహక ప్రాంతపు ఈ చేపను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వర్ణించాడు. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలిచారలు, క్షణం నిలవని ఈత. చలినీ వేడినీ ఓర్చుకుంటుంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ సహా ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెంచుతున్నది ఈ చేపనే. మందలో బతికే జాతి కాబట్టి ఆరుకు తగ్గకుండా ఉంచాలి. ఒంటరిగా ఉంచితే బెదురుతుంది, మిగతా చేపల తోకలు కొరుకుతుంది.

గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరానికీ, పక్కనున్న ట్రినిడాడ్ వంటి దీవులకూ చెందినది. ట్రినిడాడ్ నుంచి నమూనాలు పంపిన రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పేరే దానికి మిగిలింది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. సుమారు నెలకోసారి పిల్లలు పెడుతుంది. ఒక్కసారి మగదానితో కలిసిన ఆడ గప్పీ ఆ వీర్యాన్ని దాచుకుని, మగవి లేకున్నా నెలల తరబడి పిల్లలు పెడుతుంది. పిల్లలు వద్దనుకునేవారు రంగుల తోకలున్న మగవాటినే తెచ్చుకోవడం మంచిది. మోలీ, ప్లాటీలదీ ఇదే పద్ధతి.

వాస్తు కోసం ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్లది కావాలని కొందరు అడుగుతారు. ఆ నమ్మకాన్ని పాటించేవారు తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లను చిన్న ట్యాంకులో కుక్కకుండా, ఎనిమిది పసుపు ప్లాటీలు, ఒక నల్ల మోలీ తెచ్చుకోవచ్చు. అన్నీ మగవైతే సంఖ్య తొమ్మిదిగానే నిలుస్తుంది.

ఫైటర్‌గా పేరుపడ్డ బెట్టా థాయ్‌లాండ్ ప్రాంతపు చేప. మొప్పలతో పాటు తలలోని ప్రత్యేక అవయవంతో నేరుగా గాలి పీల్చగలదు. అందుకే దుకాణాల్లో దాన్ని చిన్న డబ్బాల్లో ఉంచి అమ్మగలుగుతున్నారు. గాలి పీల్చినంత మాత్రాన మురికి నీరు దానికి హాని చేయకుండా పోదు. దానికీ ఇరవై లీటర్ల నీరు, ఫిల్టర్ అవసరమే. రెండు మగవి ఒకచోట ఉంటే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి.

54 లీటర్ల ట్యాంకులో మొదట ఆరు డానియోలు వేసి, రెండు మూడు వారాలు నీటిని పరీక్షిస్తూ ఆగి, తర్వాత నాలుగైదు మగ గప్పీలనో ఒక జత హనీ గౌరామీలనో చేర్చితే చాలు. ఒకేరోజు డజను చేపలు వేస్తే బాక్టీరియా ఆ భారాన్ని అందుకోలేదు.

కొనేటప్పుడు అదే ట్యాంకులో చచ్చిన చేప, ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు, ముడుచుకున్న వాజాలు కనిపిస్తే ఆ దుకాణంలో ఆ రోజు ఏమీ కొనకూడదు. ఇంటికి తెచ్చాక లైటు ఆపి, ప్లాస్టిక్ సంచిని మూతి విప్పకుండా ట్యాంకులో పావుగంట తేలనివ్వాలి. వేడి సమానమయ్యాక మూతి విప్పి, ఐదేసి నిమిషాలకొకసారి గ్లాసెడు ట్యాంకు నీరు పోస్తూ అరగంట గడపాలి. ఆపైన చేపను వలతో తీసి ట్యాంకులో వదలాలి. సంచి నీరు ట్యాంకులో పోయకూడదు, దుకాణపు రోగాలు అందులోనే వస్తాయి.

మేత, నిర్వహణ, రుతువులు

రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేత వేయాలి. చేప గాజు దగ్గరికి వచ్చి నోరు తెరిచిన ప్రతిసారీ అది ఆకలి కాదు. వారానికి ఒక పూట ఏమీ వేయకపోయినా నష్టం లేదు. మురికి కాలువల్లో పెరిగే ట్యూబిఫెక్స్ పురుగులు చవకే గానీ రోగాలను మోసుకొస్తాయి.

వారానికోసారి పావు వంతు నీటిని సైఫన్ గొట్టంతో, గ్రావెల్‌లోని మురికితో సహా లాగేసి, క్లోరిన్ లేని నీటితో నింపాలి. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగడం శుభ్రత కాదు, వారాల పాటు పెంచిన బాక్టీరియాను పోగొట్టుకోవడం. స్పాంజిని కుళాయి కింద కాకుండా, బయటికి తీసిన ట్యాంకు నీటి బకెట్‌లోనే పిండాలి. ఆ నీరు కుండీల్లోని కరివేపాకు, తులసి మొక్కలకు మంచి ఎరువు.

వేసవి ట్యాంకుకు గడ్డుకాలం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప అవసరం పెరుగుతుంది. మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరి వల్ల నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తెలంగాణలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీటి వేడి హఠాత్తుగా పడినప్పుడు ఇక్ అనే పరాన్నజీవి వల్ల తెల్ల మచ్చల జబ్బు తరచు బయటపడుతుంది. లీటరుకు ఒక వాట్ లెక్కన థర్మోస్టాట్ హీటర్ ఆ నెలల్లో పనికొస్తుంది. తీరప్రాంతంలో దాని అవసరం అరుదు.

పెరిగి చోటు చాలని చేపలను, పుట్టుకొచ్చిన పిల్లలను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా పెంచేవారికి పంచాలి. చెరువులో, కాలువలో వదలకూడదు. నాచు తింటుందని ట్యాంకుల్లో వేసే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. ఒంటినిండా గట్టి పలకలుండే ఈ చేప ఇప్పుడు ‘డెవిల్ ఫిష్’ పేరుతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాల్లో జాలర్ల వలల్లో పడుతోంది. ముళ్లతో వలలను చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది, స్థానిక చేపల తిండిని తినేస్తుంది. మార్కెట్లో దాన్ని కొనేవారు లేరు.